ఖాళీగా తిప్పి పంపవలెను

నంద్యాల,
11 జూన్ 1958

ఆళ్లగడ్డ వాస్తవ్యులు శ్రీమతి నాగేశ్వరమ్మ గారికి,

మండే నూనెలు, గ్యాసుల తనిఖీ కచేరీ నుంచి హెడ్డు గుమాస్తా వ్రాయునది. ఏడెన్ రేవు నుంచి బొంబాయి మీదుగా తమ పేరిట ఒక ఇనుప సిలిండరు, దానితోపాటు ఒక స్టవ్వు గూడ్సు బండిలో నంద్యాల స్టేషనుకు చేరినవి. సిలిండరులో వంటకు వాడే గ్యాసు ఉన్నది. పంపినవారి పేరు సుబ్బరాయుడు. పరదేశం నుంచి నూనె గానీ గ్యాసు గానీ వ్యాపారానికి కాక ఇంటి అవసరానికి తెప్పించుకునేవారిని మా నిబంధనల్లో స్వంత దిగుమతిదారులు అంటారు. కనుక తమరు ఇప్పుడు స్వంత దిగుమతిదారు అయినారు.

స్వంత దిగుమతిదారు గ్యాసును అమ్మరాదు, ఇతరులకు పంచరాదు. సిలిండరును గడ్డివాములకు, పూరికప్పులకు దూరంగా ఉంచవలెను. గ్యాసు అయిపోయిన పిమ్మట సిలిండరును దసరా లోపల ఖాళీగా తిప్పి పంపవలెను. అది పంపిన కంపెనీ వారి సొత్తు. వీటికి సమ్మతమేనని, గ్యాసు ఏ పనికి తెప్పించుకున్నదీ రాసి పంపినచో అనుమతి ఇవ్వబడును.

చిత్తగించవలెను,
ఎం. జకరయ్య

తా.క. సిలిండరును మా కచేరీ పెరట్లో వేపచెట్టు కింద పెట్టించాము. మా బంట్రోతు బాలస్వామి నాటినుంచి ఆ నీడ వదిలేసి ఎండలో కూర్చుంటున్నాడు. జవాబు తొందరగా రాయగలరు.


ఆళ్లగడ్డ,
16 జూన్

నంద్యాల కచేరీ హెడ్డు గుమాస్తా గారికి నాగేశ్వరమ్మ నమస్కారం చేసి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ, ఎండలో కూర్చున్న ఆ బాలస్వామీ క్షేమమని తలుస్తాను.

మీ జాబు వచ్చి మా ఇంట్లో గలాటా పెట్టింది. మా మరిది వెంకటేశ్వర్లు చదివి, "మాకు చెప్పకుండా ఏం తెప్పించినావు వదినా" అని నిలదీశాడు. నేనేమీ తెప్పించలేదు. నంద్యాల నుంచి గాజులు తెప్పించుకోవాలన్నా ఇంటిల్లిపాదికీ చెప్పేదాన్ని. ఏడెన్ ఎక్కడుందో కూడా నాకు తెలియదు. బడి అయ్యవారిని అడిగితే సముద్రం అవతల అన్నాడు.

అయితే పంపినవాడు ఎవరో తెలుసు. సుబ్బరాయుడు నా తమ్ముడు. మా అమ్మ పోయేనాటికి వాడికి ఇంకా పళ్ళు రాలేదు. నా చంకలోనే పెరిగాడు. నాకు పెళ్ళయి ఈ ఊరొస్తే నా వెంటే వచ్చాడు. పెద్దవాడయ్యాక మా ఆడబిడ్డ కూతురిని వాడికి ఖాయం చేశాను. తాంబూలాల నాడు తెల్లవారి లేచి చూస్తే మంచం మీద దుప్పటి ఉంది, వాడు లేడు. బొంబాయి పోయాడని, అక్కడ నుంచి నూనె కంపెనీలో చేరి ఓడెక్కాడని ఎవరెవరో చెప్పారు. వాడు నాకు రాయలేదు. నేనెందుకు రాయాలని నేనూ రాయలేదు. అట్లా ఏళ్ళు గడిచిపోయాయి. ఆ పిల్లకు సంజామల సంబంధం కుదిరింది. వీడు తప్పిపోయినందుకు అది ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకుంటుంది. నాకొక్కదానికే ఇంకా మనసు కుదరలేదు.

అందుకని ఒక్క మాట అడుగుతున్నాను. ఆ సామానులో ఉత్తరం ఏదైనా ఉందా? మరొక్కసారి చూడండి.

గ్యాసు ఏ పనికని అడిగారు. పత్తికట్టె పొగకు నా కళ్ళు నీళ్ళు కారుతుంటే ఊదుగొట్టం లాక్కుని వాడే ఊదేవాడు. అది గుర్తుండి పంపినట్టున్నాడు. మీరు మాత్రం వంటకు అని రాసుకోండి. గడ్డివాము మా మరిదిది. దాన్ని జరపమంటే, ముందొచ్చింది వాము గనుక గ్యాసునే జరపమంటున్నాడు. నచ్చజెబుతాను.

ఇట్లు,
నాగేశ్వరమ్మ

తా.క. గ్యాసు కంటికి కనపడదంటారే, మరి లోపల ఉందని మీకెట్లా తెలిసింది? వాడు చిన్నప్పుడు ఉత్త అగ్గిపెట్టె చేతిలో పెట్టి మిఠాయి అనేవాడు.


నంద్యాల,
21 జూన్

శ్రీమతి నాగేశ్వరమ్మ గారికి,

తమకు అనుమతి ఇవ్వడమైనది. సిలిండరులో గ్యాసు ఉన్నదని తూకం వల్ల తెలిసినది. ముందు అగ్గిపుల్ల వెలిగించి ఆ తరువాతే స్టవ్వు మర తిప్పవలెను. ఎన్నడూ దీన్ని తిరగేసి చేయరాదు. సిలిండరు మూతిని ఎవరూ విప్పరాదు.

ఉత్తరం సంగతి. సామాను కట్టిన పెట్టెను నేనే స్వయంగా విప్పించి, అడుగు దాకా చేయి పెట్టి చూశాను. ఉత్తరం లేదు. ఇందుకు కచేరీ వారు చేయగలిగినది లేదు గానీ, నాకు మాత్రం విచారంగా ఉన్నది.

చిత్తగించవలెను,
జకరయ్య

తా.క. పెట్టెలో మెత్తగా ఉండడానికి ఖర్జూరపు ఆకులు వేశారు. వాటి మధ్య ఏదైనా చీటీ ఉందేమోనని మళ్ళీ వెతకబోయేసరికి బాలస్వామి మేక వాటిని తినేసింది. చీటీ ఉండదనే నా నమ్మకం. మేకకు ఏమీ కాలేదు.


ఆళ్లగడ్డ,
18 ఆగస్టు

జకరయ్య గారికి నాగేశ్వరమ్మ రాసేది.

బుడ్డి చేరిన సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు, తప్పుగా అనుకోవద్దు. అంత పొడుగాటి పేరు నా నోరు తిరగక మేము దాన్ని బుడ్డి అంటున్నాము. బస్సువాళ్ళు ఎక్కించుకోలేం పొమ్మన్నారని మా మరిది ఎద్దులబండి కట్టుకొని వచ్చాడు కదా. బుడ్డిని బండిలో వేసి, తాను దిగి ఆళ్లగడ్డ దాకా బండికి దూరంగా నడిచి వచ్చాడు. ఎద్దులకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మొదటిరోజు వీధంతా మా వాకిట్లో చేరింది. మీరు చెప్పినట్టే అగ్గిపుల్ల ముందు, మర తరువాత. నీలం మంట వచ్చింది. పాలు పెట్టాను. పొగ లేదు, మసి లేదు. అయినా కళ్ళనీళ్ళు వచ్చాయి. పొగ లేకుండా వంటింట్లో కళ్ళు తుడుచుకోవడం నాకు అదే మొదలు. మా మరిది గడప అవతలే నిలబడి, ఈ గ్యాసు కళ్ళకు కూడా మంచిది కాదేమో చూసుకోమన్నాడు.

ఇతరులకు పంచరాదన్నారు. ఎదురింట్లో బాలింతకు వేణ్ణీళ్ళు కాచి ఇచ్చాను. నీళ్ళు పంచాను గానీ గ్యాసు పంచలేదు.

అసలు సంగతి ఇది. ఖాళీగా తిప్పి పంపవలెను అని రాశారు. అది మా ఇళ్ళలో జరిగే పని కాదు. పక్కింటి నుంచి చెంబుతో మజ్జిగ వస్తే, ఆ చెంబులో ఇన్ని మిరపకాయలో, ఏమీ లేకపోతే ఇంత ఉప్పుకల్లో వేసి పంపుతాము. మనవాళ్ళ గిన్నెను ఉత్తగా పంపడమంటే ఇక మీకూ మాకూ చెల్లు అని చెప్పడమే. ఏళ్ళ తరబడి మాటల్లేని తమ్ముడు ఒక పాత్ర పంపాడు. దాన్ని నేను ఉత్తగా పంపగలనా, మీరే చెప్పండి.

అందుకని అందులో కొర్రలు పోసి పంపుదామని చూశాను. మూత రాలేదు. కమ్మరి హుసేనయ్యకు చెప్పాను. శుక్రవారం పెద్ద పట్టకారు, సుత్తి తీసుకొని వస్తానన్నాడు.

ఇట్లు,
నాగేశ్వరమ్మ

తా.క. ఆ దేశంలో కొర్రలు వండుకుంటారా, లేక వేయించిన శెనక్కాయలు మేలా? లోపల ఇంకా కొంచెం గ్యాసు ఉంది. గింజలకు వాసన పడుతుందా?


తంతి
నంద్యాల, 20 ఆగస్టు

నాగేశ్వరమ్మ ఆళ్లగడ్డ. ముట్టవద్దు. కమ్మరిని రానీయవద్దు. మంట ఆర్పండి. ఉత్తరం వస్తోంది. జకరయ్య.


నంద్యాల,
20 ఆగస్టు

అమ్మా,

తంతి ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. తమ జాబు చదివాక అన్నం సహించలేదు. ఆ మూతి మీద సుత్తి దెబ్బ పడితే తమరూ ఉండరు, హుసేనయ్యా ఉండడు, తమ మరిది గారి గడ్డివామూ ఉండదు. అది చెంబు కాదమ్మా. గింజలు పోయడానికి అందులో దారి లేదు.

దయచేసి నిబంధన గమనించండి. సిలిండరు ఎట్లా వచ్చిందో అట్లాగే, ఆ గ్యాసు మాత్రం లేకుండా, ఖాళీగా పోవలెను. గడువులోగా పోకపోతే కంపెనీ వారు పంపినవారిని పట్టుకుంటారు. అప్పుడు తమ తమ్ముడు అపరాధ రుసుము కట్టవలెను, లేదా తానే స్వయంగా నంద్యాల వచ్చి సిలిండరు తీసుకుపోవలెను. అంతదూరం నుంచి ఆయన్ను ఇబ్బంది పెట్టడం తమకూ ఇష్టం ఉండదని నాకు తెలుసు. తమ ఆచారం మంచిదే. అది ఈ ఒక్క పాత్రకు వర్తించదని అనుకోండి.

చిత్తగించవలెను,
జకరయ్య

తా.క. ఈ సంగతి ఇంట్లో చెప్పాను. మా కృపావతి కూడా గిన్నెలు ఉత్తగా పంపదట. తమరే న్యాయమని, నేనూ నా నిబంధనా అన్యాయమని అంటున్నది. ఇది కచేరీ అభిప్రాయం కాదు.


ఆళ్లగడ్డ,
1 సెప్టెంబరు

నాయనా జకరయ్యా,

ఇంక గారు గీరు అనను. నీవు పెట్టిన భయం తరువాత నీవు నాకు అయినవాడివే.

మా ఊళ్ళో తంతి వచ్చిందంటే ఒకటే అర్థం. తంతి మనిషి మా వాకిట్లో సైకిలు దిగేసరికి ఆడవాళ్ళు కొంగులు నోట్లో పెట్టుకున్నారు. నేను అరుగు మీద కూలబడ్డాను. ఏడెన్ నుంచి ఇంకేం కబురు వస్తుంది అనుకున్నాను. అయ్యవారు పొలం గట్టు నుంచి వచ్చి ఆ ఇంగ్లీషు చదివేదాకా నా తమ్ముడు ఈ లోకంలో లేడనే నమ్మాను. ఆ కాసేపట్లో ఒకటి తెలిసింది. వాడి మీద నాకు కోపం లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. వాడి ముఖం ఒక్కసారి చూస్తే చాలు అనిపించింది.

అయ్యవారు చదివితే కమ్మరి అని ఉంది. నేను ఏడుస్తూనే నవ్వాను. కానీ అప్పటికే కబురు గోస్పాడు దాకా పోయింది. మా చిన్నమ్మ కూతురు రంగమ్మ బస్సు దిగి వీధి మొదటినుంచే శోకాలు పెట్టుకుంటూ వచ్చింది. ఎవరూ పోలేదని చెబితే, "పోకపోతే తంతి ఎందుకిచ్చినారు, మమ్మల్ని ఆడించేకా" అని కోపం తెచ్చుకుంది. పరామర్శకు వచ్చినవాళ్ళకు అన్నం పెట్టకుండా పంపుతామా? అందరికీ స్టవ్వు మీదనే వండాను. ఆ వంటతో గ్యాసు అయిపోయింది. హుసేనయ్య కూడా తిని పోయాడు. బుడ్డిని ముట్టలేదు.

నీవు చెప్పింది బాగా అర్థమయింది. లోపల ఏమీ పోయకూడదు. పోయలేదు. బుడ్డికి పైన ఒక బొంత అంగీ కుట్టాను. చుట్టూ జేబులు పెట్టాను. ఒక జేబులో కొర్రలు, ఒక దాంట్లో వేయించిన శెనక్కాయలు, ఒక దాంట్లో చింతపండు, ఇట్లా. లోపల ఖాళీ, నీ మాట దక్కింది. పైన నిండుగా ఉంది, నా మాటా దక్కింది. బండిలో పంపిస్తున్నాను. అట్లాగే ఓడ ఎక్కించు.

నీ అక్క,
నాగేశ్వరమ్మ

తా.క. వెనక వైపు పెద్ద జేబు కృపావతికి. తూకం వేయకముందే తీసుకో.


నంద్యాల,
12 సెప్టెంబరు

అక్కయ్య గారికి,

సిలిండరు చేరినది. బొంత అంగీ వేసుకొని చలి పెట్టిన మనిషిలా మా పెరట్లో నిలబడి ఉన్నది. అందరూ వచ్చి చూసి పోతున్నారు. వేరే కచేరీల వారు కూడా పని కల్పించుకొని వస్తున్నారు.

మా దొర గారు చూశారు. చుట్టూ తిరిగి ఒక్కో జేబూ తడిమారు. తరువాత, గ్యాసుకు దిగుమతి నిబంధనలు ఉన్నాయి గానీ కొర్రలు దేశం దాటాలంటే తిండిగింజల ఎగుమతి అనుమతి వేరే కావాలన్నారు. చింతపండుకు మరొకటి. అంటే తమరిప్పుడు స్వంత ఎగుమతిదారు కూడా అవుతున్నారు. ఆ అనుమతులు మా కచేరీ ఇచ్చేవి కావు. ఎవరిస్తారో ఆయనకూ తెలియదు.

కనుక అంగీ విప్పి సిలిండరును ఒట్టిగా పంపడం ఒకటే దారి. తమ సొత్తును తమ సమ్మతి లేకుండా నేను విప్పలేను. సరేనని ఒక్క ముక్క రాయండి చాలు. అంగీని భద్రంగా మడతపెట్టి, జేబుల్లో సరుకుతో సహా తిరిగి పంపుతాను. దసరా దగ్గరికి వస్తున్నది.

చిత్తగించవలెను,
జకరయ్య

తా.క. బాలస్వామి భయం తీరి మళ్ళీ చెట్టు కిందికి వచ్చాడు. ఇప్పుడు సిలిండరును ఆనుకునే కూర్చుంటున్నాడు. శెనక్కాయల జేబు వదులైనట్టు కనిపిస్తున్నది. విచారణ జరుపుతున్నాను. కృపావతి తన జేబు ముట్టినందుకు సంతోషంగా ఉన్నది.


ఆళ్లగడ్డ,
18 సెప్టెంబరు

నాయనా జకరయ్యా,

సమ్మతి లేదు.

కోపంతో రాయడం లేదు. నీవు మంచివాడివి, నీ దొర కూడా మంచివాడే అయ్యుంటాడు. కానీ ఒకటి ఆలోచించు. నా తమ్ముడు ఉత్తరం పెట్టలేదు. పెట్టె అడుగు దాకా నీవే చూశావు. అంటే ఆ బుడ్డే వాడి ఉత్తరం. అక్కా, నీ కళ్ళ మంట నాకు గుర్తుంది అని అందులో ఉంది. దానికి నేనేం జవాబు ఇవ్వాలి? ఒట్టి ఇనుము పంపితే వాడేమనుకుంటాడు? ఎనిమిదేళ్ళు వాడికి ఒక మాట రాయని అక్క, ఇప్పుడు కూడా ఏమీ లేదు పో అంటోంది అనుకుంటాడు. ఇంకెప్పటికీ రాడు. నాకు వాడు కావాలి నాయనా. నిబంధనల్లో ఇది రాయడానికి చోటు ఉండదని తెలుసు.

అంగీ విప్పకు. బుడ్డిని అక్కడే ఉండనీ. వాన పడితే లోపల పెట్టించు.

నీ అక్క,
నాగేశ్వరమ్మ

తా.క. బాలస్వామిని విచారణ చేయకు. శెనక్కాయలు అయిపోయాయేమో చెప్పు, మళ్ళీ పంపుతాను.


నంద్యాల,
27 అక్టోబరు

అక్కయ్య గారికి,

దసరా అయిపోయినది. చేయవలసినది చేయక తప్పలేదు. సిలిండరు తిరిగి రాలేదని ఏడెన్ కంపెనీ వారికి మా కచేరీ నుంచి నోటీసు పోయినది. ముసాయిదా నేనే రాశాను. రాస్తున్నంతసేపూ మనసు బాగాలేదు. ఆయన ఉద్యోగానికి మాట వస్తుందేమోనని భయంగా ఉన్నది. తమ మొండితనం ఆయన్ను దూరం చేస్తుందని ఒకసారి అనిపిస్తుంది. నా నిబంధనే ఆ పని చేస్తుందని మరోసారి అనిపిస్తుంది.

ఇప్పటికైనా ఒక మాట అనండి. రాత్రికి రాత్రి విప్పి బండి ఎక్కిస్తాను.

జకరయ్య

తా.క. శెనక్కాయలు అయిపోయినవి. బాలస్వామి ఒప్పుకున్నాడు. మా దొర గారి పేరు కూడా చెబుతున్నాడు. అది నేను నమోదు చేయలేదు.


కార్డు
ఆళ్లగడ్డ, 2 నవంబరు

జకరయ్యకు ఆశీస్సులు. విప్పొద్దు. శెనక్కాయలు పంపుతున్నాను.
నాగేశ్వరమ్మ

తా.క. దొర గారికి ఉప్పు పెట్టినవా, ఉత్తవా?


నంద్యాల,
15 డిసెంబరు

అక్కయ్య గారికి,

ఈ జాబు బస్సులో వచ్చే మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. తపాలాకు ఆగలేను. చదివేముందు కూర్చోండి. చెడ్డ కబురు కాదు.

ఈ ఉదయం కచేరీ తెరిచేసరికి ఒకాయన మెట్ల మీద కూర్చొని ఉన్నాడు. ఎండకు మాడిన ముఖం, నలిగిన తెల్లచొక్కా. సిలిండరు తీసుకుపోవడానికి ఏడెన్ నుంచి వచ్చానన్నాడు. పేరు అడగనక్కరలేకపోయింది. నుదురు చూస్తేనే తెలిసింది, ఉత్తరాల్లో నేను ఊహించుకున్న తమ నుదురు అదే.

పెరట్లోకి తీసుకుపోయాను. బొంత అంగీ చూసి ఆగిపోయాడు. ఇదేమిటని అడగలేదు. ఒక జేబులో చేయి పెట్టి, శెనక్కాయలు తీసి, ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాడు. తరువాత బుడ్డి పక్కనే నేలమీద కూర్చున్నాడు. బాలస్వామి లేచి చోటిచ్చాడు. నేను కచేరీ లోపలికి వచ్చి, లేని పని చూసుకున్నాను.

కొంతసేపటికి ఆయన లోపలికి వచ్చి, "మా అక్క ఉత్తరమేమన్నా ఇచ్చిందా" అని అడిగాడు. తమరూ మొదట నన్ను అడిగింది ఆ మాటే. పెట్టెలో ఎందుకు ఉత్తరం పెట్టలేదని నేనడిగాను. "ఎన్నిమార్లో రాస్తి. రాసింది చదివితే, ఏ మొగం పెట్టుకోని రాసినావురా అనిపించె. చింపేస్తి. బుడ్డి ఒకటే మిగిలె" అన్నాడు.

ఒక సంగతి నా మనసులో ఆగక చెప్పేశాను. అపరాధ రుసుము ఓడ టిక్కెట్టు కంటే తక్కువ, అది కట్టేసి ఊరుకున్నా సరిపోయేది, నోటీసులో ఆ సంగతి స్పష్టంగానే రాశాము అన్నాను. చదివినానప్పా అన్నాడు.

ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు. మా ఇంట్లో భోజనం చేశాడు. కృపావతి ఆయన కోసం వండుతూనే నన్ను తిట్టింది, నోటీసు ముందే పంపి ఉండాల్సిందట. రేపు ఉదయం బస్సుకు పొమ్మంటే భయపడుతున్నాడు. "ఇంటి ముందర నిలబడితే ఏమంటాదో" అంటున్నాడు. ఏమంటారో రాసి పంపితే ధైర్యంగా ఎక్కిస్తాను.

మీ తమ్ముడు,
జకరయ్య

తా.క. బుడ్డి అని రాశాను, గమనించే ఉంటారు. ఇప్పుడు మా కచేరీలో అందరమూ అలాగే అంటున్నాము. దొర గారు కూడా.


ఆళ్లగడ్డ,
24 డిసెంబరు

నాయనా జకరయ్యా, కృపావతీ, ఇద్దరికీ ఆశీస్సులు. మీకు రేపు పండగ కదా, అది చల్లగా జరగాలి. పిండివంటలు బాలస్వామి చేతికి అందేలోపే ఇంట్లో పెట్టుకోండి.

నీ జాబుకు జవాబు రాయకుండా మా మరిదిని బండి కట్టించి పంపాను కదా. ఏమంటానో నాకే తెలియకపోతే నీకేం రాసేది? బండి వాకిట్లో ఆగింది. వాడు దిగి తల వంచుకొని నిలబడ్డాడు. తిట్టాలని ఎనిమిదేళ్ళుగా దాచిపెట్టుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "చిక్కిపోయినావురా" అన్నాను. "నువ్వూ అంతే కదక్కా" అన్నాడు. అంతే. ఇద్దరమూ అక్కడే అరుగు మీద కూర్చున్నాము. మా మరిది బండి విప్పకుండా మా వైపే చూస్తూ నిలబడితే ఎద్దులే ఆయన్ను లాక్కుని దొడ్లోకి పోయాయి.

నాకు చాలా సంతోషంగా ఉంది నాయనా. ఇట్లా రాయడం నాకు రాదు, అయినా రాస్తున్నాను.

ఇక నీకొక మాట చెప్పాలి. నన్ను మొండిదాన్ని అనుకున్నావు. నిబంధన అర్థం కాని ముసలమ్మ అని నీ దొర అనుకొని ఉంటాడు. మొదట్లో నిజంగానే అర్థం కాలేదు. హుసేనయ్యను పిలిచింది నిజమే, నీకు భయం పెట్టింది నిజమే. కానీ తంతి వెనక వచ్చిన నీ ఉత్తరంలో, బుడ్డి రాకపోతే పంపినవాడు స్వయంగా వచ్చి తీసుకుపోవలెను అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. అయ్యవారితో మళ్ళీ చదివించాను. ఆయన అదే చదివాడు. ఇన్నాళ్ళూ నేను రా అని రాయలేకపోయాను. రాస్తే రాకపోతే ఎట్లా అని భయం. అప్పుడు కనిపించింది, నేను రాయాల్సిన పనే లేదు, కచేరీ వాళ్ళే రాస్తారు, సీలు వేసి మరీ రాస్తారు అని.

అందుకే అంగీ కుట్టాను. కొర్రలు సముద్రం దాటవని నాకు తెలుసు. మా మరిదిని ఒకసారి జొన్నల మూట జిల్లా దాటిస్తుంటే పట్టుకున్నారు. అందుకే చింతపండు కూడా పెట్టాను, ఒక దాంతో ఆగకపోతే రెండో దాంతోనైనా ఆగుతుందని. ఉత్త గిన్నె పంపకూడదన్నది మా ఆచారం, అందులో అబద్ధం లేదు. ఆ ఆచారం లేకపోయినా ఇంకొకటి పుట్టించేదాన్ని. నీ చేత నోటీసు రాయించి నిన్ను బాధపెట్టాను. ఆ ఒక్కదానికి నన్ను క్షమించు.

వాడు రుసుము కట్టకుండా టిక్కెట్టే కొన్నాడని నీ జాబులో చదివాను. వాడు కూడా నీ నోటీసు కోసమే కనిపెట్టుకొని ఉన్నట్టుంది. ఇద్దరమూ ఒకరికొకరం ఒక ముక్క రాసుకోలేక, అంత పెద్ద కచేరీని మధ్యలో తిప్పాము. మీరంతా చల్లగా ఉండండి.

నీ అక్క,
నాగేశ్వరమ్మ

తా.క. బుడ్డి లేకుండా తిరిగి పోతే కంపెనీ వాళ్ళు ఊరుకోరట, సోమవారం నంద్యాల వచ్చి తీసుకుంటానంటున్నాడు. నీవు సోమవారం దాన్ని ఎక్కడైనా పోగొట్టు. ఉగాది తరువాత దొరికితే చాలు.